చీర ఫాల్, కుచ్చులు: చంటిబిడ్డ ఉన్న ఇంట్లో మొదలుపెట్టే పని

చంటిబిడ్డను చూసుకుంటూ ఇంట్లో చేసే ఏ పనికైనా ముందు ఒక పరీక్ష పెట్టాలి. బిడ్డ ఏడ్చిన క్షణంలో వదిలేసి లేస్తే ఆ పని చెడిపోతుందా? పచ్చళ్లు పెడుతుంటే పోపు మాడుతుంది. జాకెట్టు కత్తిరిస్తుంటే మధ్యలో లేచి వచ్చేసరికి ఏ కొలత గీశామో, ఏది గీయలేదో గుర్తుండదు. ట్యూషన్ చెబుతుంటే పిల్లల్ని కూర్చోబెట్టి వెళ్లలేం. చీర కింది అంచుకు లోపలి వైపు ఫాల్ అనే గుడ్డపట్టీ కుట్టడం మాత్రం ఎక్కడ ఆపితే అక్కడే ఉంటుంది. కొంగు చివర వేలాడే దారపు కుచ్చులైతే చీర దగ్గర లేకుండానే ముందు చేసిపెట్టుకోవచ్చు. అందుకే కుట్టుమిషన్ లేనివాళ్లు కూడా ఈ పనితో మొదలుపెట్టవచ్చు.

మిషన్ ఇప్పుడే కొనకండి. చీర రెండు చివర్లకూ పోగులు ఊడకుండా వంకరటింకరగా వేసే కుట్టు, అంటే జిగ్‌జాగ్ వేయడానికి మామూలు కుట్టుమిషన్ పనికిరాదు, దానికి వేరే మిషన్ కావాలి. దగ్గర్లో జిగ్‌జాగ్ వేసే దర్జీ ఉంటే చీరకు ఇంత అని మాట్లాడుకుని వారానికి రెండుసార్లు కట్టగా ఇచ్చి తెచ్చుకోండి. ఫాల్, కుచ్చులు మీ చేతిమీద కుట్టండి. పట్టుచీరలకు చేతికుట్టే అడుగుతారు కాబట్టి మిషన్ లేకపోవడం ఇక్కడ లోటు కాదు.

మొదట కావలసిన సరుకు కొద్దిగానే. సన్నని చేతిసూదుల పొట్లం ఒకటి, చిన్న దారం కత్తెర, గుండుసూదులు, టేపు, చాక్, ఇస్త్రీపెట్టె, తుడిచిన నేల మీద పరచడానికి శుభ్రమైన పాత తెల్ల దుప్పటి, మూతబిగువైన స్టీలు డబ్బా. ఫాల్స్ డజన్ల లెక్కన కొంటే గిట్టుబాటు అవుతుంది. హైదరాబాద్‌లో బేగంబజారు, విజయవాడలో వన్‌టౌన్ వైపు హోల్‌సేల్ కొట్లలో దొరుకుతాయి. మొదటి విడతలో మెరూన్, ముదురు ఆకుపచ్చ, నేవీ బ్లూ, నలుపు, క్రీమ్, రాణీ పింక్ రెండేసి తెచ్చుకోండి. మిగతా రంగులు చీర చేతికి వచ్చాక కొనుక్కోవచ్చు. నూలు ఫాల్సే కొనండి. జారుడు పాలిస్టర్ ఫాల్ చౌకగా వస్తుంది కానీ కుచ్చిళ్ల బరువు ఆపదు.

చీర తీసుకునేటప్పుడే సగం గొడవలు తప్పించుకోవాలి

చీర ఇచ్చినావిడ ఎదురుగానే గుమ్మం దగ్గర వెలుతురులో పూర్తిగా విప్పి చూడండి. మరక, పోగు లాగిన చోటు, చిన్న చిల్లు ఏది కనిపించినా అప్పుడే చూపించి ఫోన్లో ఫొటో తీయండి. కొత్త చీర మడత దగ్గర కూడా చిల్లులు ఉంటాయి. ఆవిడ వెళ్లాక కనిపిస్తే అది మీరు చేసిందే అవుతుంది. పాత పట్టుచీరలైతే అంచును రెండు వేళ్లతో నెమ్మదిగా అటూ ఇటూ లాగి చూడండి. పోగులు విడిపోతుంటే ఆ పట్టు చివికిపోయినట్టే. దానికి ఫాల్ వేస్తే కుట్టు వెంబడి చిరుగుతుంది. అలాంటి చీర తిప్పి ఇచ్చేయడం మంచిది, అమ్మమ్మ పెళ్లిచీర అయితే మరీనూ.

నోటుపుస్తకంలో నంబరు, పేరు, చీర రంగు, జాకెట్టు ముక్క కోయాలా వద్దా, కుచ్చులు కావాలా, ఎప్పటికి కావాలి అన్నవి రాసుకోండి. అదే నంబరు ఉన్న గుడ్డముక్కను చీర చివర దారంతో కట్టండి. స్టేప్లర్ పిన్ను కొట్టకండి, తుప్పు మరక పడుతుంది, పట్టుకు రంధ్రమూ మిగులుతుంది.

జాకెట్టు ముక్క విషయం నోటితో అడిగి, చేత్తో చూపించి రూఢి చేసుకోవాలి. మామూలుగా అది 80 సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా ఉంటుంది. కొన్ని చీరల్లో లోపలి చెంగు (నడుము దగ్గర మొదట దోపే చివర) వైపు, కొన్నిటిలో కొంగు దాటాక వస్తుంది. కొంగులో భాగమైన డిజైన్ ముక్కను జాకెట్టు అనుకుని కోస్తే ఆ చీర పొట్టిదైపోయినట్టే. నేతలో చాలా చీరలకు కోయాల్సిన చోట పోగులు లేని సన్నని గీత వదులుతారు, దాని వెంబడి కోయాలి. అది లేని నూలు చీరకు ఒక అడ్డపోగు లాగేస్తే నిటారుగా గీత పడుతుంది. పట్టుకు ఈ పని చేయకండి, పోగు మధ్యలో తెగి చుట్టూ ముడత పడుతుంది.

కుచ్చులు కావాలా అన్న ప్రశ్న జిగ్‌జాగ్‌కు ముందే అడగాలి. కొంగు చివర వదిలిన పోగులతోనే ముడులు వేయమంటే అటువైపు జిగ్‌జాగ్ వేయకూడదు. దర్జీకి ఇచ్చే ముందు ఆ చివరకు గుడ్డముక్క కట్టి "ఇటు వద్దు" అని చెప్పి పంపండి.

ఫాల్ కుట్టే తీరు

ముందు ఫాల్‌ను నానబెట్టాలి. తొందరలో ఎక్కువమంది ఎగ్గొట్టేది ఈ పనినే. నూలు ఫాల్ నీళ్లు తగలగానే కుంచించుకుపోతుంది. నానబెట్టకుండా కుడితే మొదటి ఉతుకు తర్వాత అది పొట్టిదై అంచును పైకి లాగేస్తుంది, కుచ్చిళ్ల దగ్గర అంచంతా గిడసబారినట్టు కనిపిస్తుంది. ముదురు రంగు ఫాల్ రంగు కూడా వదులుతుంది. బకెట్ గోరువెచ్చని నీళ్లలో గుప్పెడు ఉప్పు వేసి, ఒక్కో రంగును విడిగా కనీసం రెండు మూడు గంటలు ఉంచండి. రంగు దిగడం ఆగేదాకా నీళ్లు మార్చి పిండండి. ఎర్ర ఫాల్ నాలుగు నీళ్లు మార్చినా రంగు దిగుతూనే ఉంటే దాన్ని పక్కన పెట్టేయండి, లేత చీరకు అసలే వాడకండి. నీడలో ఆరేసి, కొద్దిగా చెమ్మ ఉండగానే ఇస్త్రీ చేయండి. బిడ్డ నిద్రపోయిన వేళ ఒకేసారి డజను ఫాల్స్ నానబెట్టి, ఇస్త్రీ చేసి, చుట్టి పెట్టుకుంటే వారమంతా చేతికి అందుతాయి.

ఫాల్ రంగును చీర ఒంటి రంగుతో కాక అంచు రంగుతో కలపాలి. ట్యూబులైటు కింద కాకుండా పగటి వెలుతురులో చూడండి. రెండు రంగుల మధ్య తేలకపోతే ముదురుది తీసుకోండి, కానీ పల్చటి లేత చీరకు మాత్రం లేతదే వేయాలి, ముదురుది బయటికి కనిపిస్తుంది.

ఇక కింది అంచు ఏది అన్నది. రెండు అంచులూ ఒకేలా ఉంటే కొత్తవాళ్లు ఇక్కడే పొరబడతారు. చీర మంచి వైపు పైకి ఉండేలా పరిచి, కొంగు మీ కుడిచేతి వైపు, లోపలి చెంగు ఎడమచేతి వైపు వచ్చేలా కూర్చోండి. అప్పుడు మీ ఒడి వైపున్న అంచు కింది అంచు. ఒక అంచు పెద్దది, ఒకటి చిన్నది అయితే మామూలుగా పెద్దదే కిందకు వస్తుంది. ఈ రెండు లెక్కలూ పొసగకపోతే చీర తిరగబడి ఉందో, నేత అలా ఉందో మళ్లీ చూసి, అవసరమైతే ఫోన్ చేసి అడగండి. పెద్దంచు పైకి వెళ్లేలా ఫాల్ కుట్టిన చీర మళ్లీ విప్పాల్సిందే.

ఇప్పుడు చీరను వెనక వైపు పైకి వచ్చేలా తిప్పండి. లోపలి చెంగు చివర నుంచి జానెడు వదిలి ఫాల్ మొదలుపెట్టండి. ఫాల్ పొడవు సుమారు రెండున్నర మీటర్లు, అది నడుము చుట్టు, కుచ్చిళ్ల కింది భాగం దాకా రావాలి. కట్టుకునేవాళ్లు కాస్త లావుగా ఉంటే కుచ్చిళ్లు కొంగు వైపు జరుగుతాయి కాబట్టి రెండు జానలు వదిలి మొదలుపెట్టినా తప్పులేదు. మొదటి చుట్టు ఎలాగూ లోపల దాగిపోతుంది.

ఫాల్ చివరను అరంగుళం లోపలికి మడిచి, దాని కింది అంచును చీర అంచుకు సరిగ్గా సమానంగా కాకుండా రెండు పోగులంత లోపలికి పెట్టండి. సమానంగా పెడితే నాలుగు రోజులకు ఫాల్ కిందికి తొంగిచూస్తుంది. జానెడుకో గుండుసూది పెట్టండి, పట్టుకైతే గుండుసూదికి బదులు పొడుగు టాకాలతో తర్వాత తీసేసే కచ్చా కుట్టు వేయండి. అన్నిటికన్నా ముఖ్యం, ఫాల్‌ను లాగి పరచకూడదు. మూరకు ఒక చిటికెడు వదులు ఇవ్వాలి. లాగిన ఫాల్ నేల మీద చక్కగానే కనిపిస్తుంది, కట్టుకున్నాకే అంచు ముడుచుకుంటుంది.

దారం చేతి పొడవుకు మించకూడదు. పొడుగు దారం చిక్కుపడుతుంది, చీరను గీరుతుంది. ఒంటి పోగుతోనే కుట్టండి. ఫాల్ కింది అంచుకు చిన్న టాకాలతో, సూదిని పైకీ కిందికీ తీస్తూ ముందుకు వెళ్లే నడక కుట్టు సరిపోతుంది. ఫాల్ పై అంచుకు హెమ్మింగ్ చేయాలి. సూది కొసతో చీర పోగులు ఒకటో రెండో మాత్రమే పట్టుకుని, ఫాల్ మడత లోపలి నుంచి సూదిని సెంటీమీటరు ముందుకు తీసుకెళ్లి మళ్లీ ఒక పోగు పట్టాలి. దారం బిగించకండి. బిగిస్తే మంచి వైపు గుంటల వరుస తేలుతుంది, ఇస్త్రీకి కూడా పోదు. నాలుగు వేళ్లంత కుట్టాక ఒకసారి చీర తిప్పి చూసుకోవడం అలవాటు చేసుకోండి. రెండు మీటర్లు కుట్టాక గుంటలు కనిపిస్తే విప్పడానికి అంతకు రెట్టింపు సేపు పడుతుంది.

మూరకోసారి వెనక్కి రెండు టాకాలు వేసి ముడి బిగించండి. మెట్టెలకో, పట్టీ గజ్జెకో తగిలి దారం తెగినప్పుడు ఆ మూర వరకే ఊడుతుంది, ఫాల్ మొత్తం జారి కిందపడదు. ఇదే అలవాటు బిడ్డ లేచినప్పుడూ పనికొస్తుంది. ఏడుపు వినగానే వెనక్కి రెండు టాకాలు వేసి, దారం తెంపి, సూదిని డబ్బాలో పెట్టి లేవచ్చు. సగం కుట్టిన సూదిని చీరకు గుచ్చి వదిలేయకూడదు, ఎంత తొందరైనా సరే.

చివరగా ఫాల్ వైపు నుంచి, పైన పల్చటి నూలుగుడ్డ వేసి ఇస్త్రీ చేయండి. జరీ మీద పెట్టెను నేరుగా ఆనించవద్దు. సింథటిక్ చీరకు వేడి బాగా తగ్గించి, ముందు లోపలి చెంగు మూల మీద పరీక్షించాలి.

కొత్తలో ఒక చీరకు గంటన్నర పట్టినా కంగారుపడక్కర్లేదు. మొదటి మూడు నాలుగు ఫాల్స్ మీ ఇంటి చీరలకే కుట్టుకోండి.

కుచ్చులు

కుచ్చిళ్లు వేరు, కుచ్చులు వేరు. ఇక్కడ చెప్పేది కొంగు చివర వేలాడే దారపు కుచ్చుల గురించి. ఫాల్ మీద కూలి తప్ప పెద్దగా మిగలదు, కుచ్చుల మీద మిగులుతుంది. ఒక చేయి తిరిగిన మనిషి ఎంత అందంగా చేస్తుందన్నదానికి ఇక్కడ ధర ఉంటుంది.

కుచ్చులను విడిగా చేసి తర్వాత కొంగుకు కుట్టే పద్ధతి చంటిబిడ్డ తల్లికి వీలుగా ఉంటుంది. ఏడంగుళాల పొడవున్న గట్టి అట్టముక్క తీసుకుని పొడుగు వైపు సిల్కు దారం పది చుట్లు చుట్టండి. రెండు చివర్లా కోస్తే ఏడంగుళాల పోగులు ఇరవై వస్తాయి. ఆ కట్టను మధ్యలో అదే రంగు దారంతో బిగించి, ఆ దారం చివర్లు పొడుగ్గా వదలండి, కొంగుకు కుట్టడానికి అవే పనికొస్తాయి. కట్టను మధ్యకు మడిచి, మడతకు పావంగుళం కింద జరీ దారంతో ఐదారు చుట్లు బిగించి ముడి లోపలికి దాచండి. ఇప్పుడు నలభై పోగుల కుచ్చు తయారైంది.

కొంగు వెడల్పు సుమారు 45 అంగుళాలు. అంగుళానికి ఒకటి చొప్పున 45 కుచ్చులు పడతాయి. ఒక్కో కుచ్చుకు 140 అంగుళాల దారం, అంటే మూడున్నర మీటర్లకు పైమాట. చీర మొత్తానికి దాదాపు 160 మీటర్లు. ఈ లెక్క వేసుకోకుండా మొదలుపెడితే ముప్పయ్యో కుచ్చు దగ్గర దారం అయిపోతుంది. మళ్లీ తెచ్చిన రీలు అదే రంగు అని కొట్టువాడు చెప్పినా పక్కపక్కన పెడితే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రీళ్లన్నీ ఒకే పెట్టెలోంచి ఒకేసారి కొనండి. చీర ఒంటి రంగు కుచ్చులు రెండు, అంచు రంగు కుచ్చు ఒకటి అన్న వరుస చాలా చీరలకు నప్పుతుంది.

చుట్ల సంఖ్య అన్నిటికీ ఒకటే ఉండాలి. బిడ్డ పిలిచినప్పుడు లెక్క మరిచిపోతారు, అది మామూలే. అందుకే చుట్టడం మధ్యలో లేవాల్సి వస్తే లెక్క గుర్తుతెచ్చుకునే ప్రయత్నం చేయకుండా ఆ ఒక్కటీ విప్పేసి మళ్లీ చుట్టండి.

కొంగుకు కుట్టే ముందు చాక్‌తో అంగుళం అంగుళానికి చుక్క పెట్టి, ముందు రెండు చివర్లా, తర్వాత నడిమధ్య, ఆ తర్వాత మిగతావి కుట్టుకుంటూ రండి. ఒక చివర నుంచి వరుసగా కుడితే రెండో చివర సగం ఖాళీ మిగలడమో, ఒకటి ఎక్కువవడమో జరుగుతుంది. అన్నీ అయ్యాక ఇస్త్రీపెట్టె ఆవిరి కాస్త దూరం నుంచి తగలనిచ్చి, పోగులు నిటారుగా వేలాడాక స్కేలు పెట్టి కింది కొసలు సమంగా కత్తిరించండి. పూసలు అడిగితే వేడి తగలకుండా కత్తిరింపు అయ్యాకే ఎక్కించాలి.

బిడ్డ, సూది, పూస

సూదులు లెక్క పెట్టుకుని వాడండి. పనికి కూర్చునేటప్పుడు మూడు తీస్తే లేచేటప్పుడు మూడూ డబ్బాలో పడాలి. ఒకటి తగ్గితే దొరికేదాకా బిడ్డను ఆ గదిలోకి దింపకూడదు. స్పీకరులోంచి తీసిన పాత అయస్కాంతం ఉంటే గుడ్డలో చుట్టి నేల మీద తిప్పండి, అంటుకుంటుంది. పాకే వయసు బిడ్డ ఉన్న ఇంట్లో పూసల పని ఒప్పుకోకపోవడమే మేలు. పూస గొంతుకు అడ్డం పడుతుంది, స్టీలు సూదిలా అయస్కాంతానికి దొరకదు. ఒప్పుకుంటే అంచున్న పళ్లెంలో పోసుకుని, బిడ్డ నిద్రపోతున్నప్పుడు, మంచం మీద కాకుండా బల్ల మీద చేయండి. తెగిన సిల్కు పోగులు కూడా చిన్న వేళ్లకు చుట్టుకుని బిగుసుకుంటాయి, లేచిన ప్రతిసారీ ఊడ్చేయాలి.

చీర వైపు నుంచి కూడా జాగ్రత్త ఉంది. ఒళ్లో బిడ్డ ఉండగా చీర ముట్టకండి. పాలు, లాలాజలం, నూనె రాసిన తల, వీటిలో దేని మరకా పట్టుమీంచి ఇంట్లో పోదు. కుట్టని చీరలన్నీ బీరువాలోనో, ఎత్తైన అరలోనో నూలుగుడ్డలో చుట్టి ఉండాలి.

ఎంత ఒప్పుకోవాలి, ఎంత అడగాలి

ఏడాదిలోపు బిడ్డ ఉన్నప్పుడు రోజుకు మూడు గంటలు ముక్కలుముక్కలుగా దొరుకుతాయనుకుంటే, రెండు గంటల పనే లెక్క కట్టి ఒప్పుకోండి. బిడ్డకు జ్వరం వచ్చిన రెండు రోజులు మొత్తం లెక్కను తారుమారు చేస్తాయి. గడువు చెప్పేటప్పుడు కావలసిన రోజుకు రెండు రోజుల ముందు తేదీ మీ పుస్తకంలో రాసుకోండి. ఇదే పని తెలిసిన ఇంకొకావిడతో ముందే మాట్లాడి ఉంచుకుంటే అత్యవసరంగా ఆవిడకు ఇవ్వచ్చు.

ధర మీ వీధిలో ముగ్గుర్ని అడిగి, వాళ్ల మధ్య రేటుకు మొదలుపెట్టండి. లెక్క ఇలా వేయాలి. ఉదాహరణకు ఫాల్, జిగ్‌జాగ్ కలిపి 120 రూపాయలు తీసుకున్నారనుకుందాం. ఫాల్‌కు 25, దారానికీ ఇస్త్రీ కరెంటుకూ కలిపి 5, దర్జీకి జిగ్‌జాగ్ 30 పోతే మీకు 60 మిగులుతుంది. చీరకు గంట పడితే గంటకు అరవై. గంటన్నర పడితే నలభై. కాబట్టి మొదటి నెల రేటు పెంచడం కన్నా చేతి వేగం పెంచుకోవడం ఎక్కువ కలిసొస్తుంది. కుచ్చులకు మాత్రం దారం డబ్బు ముందు తీసుకోండి. పని అయ్యాక రంగు నచ్చలేదంటే ఆ దారం మీ నెత్తిన పడుతుంది. మూడు నమూనాలు ఒక తెల్లగుడ్డకు కుట్టి పెట్టుకుంటే, చూపించి ఒప్పించడం తేలిక.

ఆషాఢం డిస్కౌంట్లలో కొన్న చీరలన్నీ శ్రావణం రాకముందే, ముఖ్యంగా వరలక్ష్మీ వ్రతానికి, ఒక్కసారిగా వస్తాయి. దసరా, సంక్రాంతి, పెళ్లి ముహూర్తాల నెలలు కూడా అంతే. మూఢం రోజుల్లో పని పల్చబడుతుంది. ఆ ఖాళీలో కుచ్చులు రంగురంగులుగా చేసి డబ్బాల్లో పెట్టుకోండి.

ఇంటిదగ్గర పని ఇస్తామంటూ ముందు రిజిస్ట్రేషన్ ఫీజో, డిపాజిట్టో అడిగే ప్రకటనలకు డబ్బు కట్టకండి. పెన్సిళ్ల ప్యాకింగ్, టైపింగ్ పేరుతో వచ్చేవి చాలావరకు ఇలాంటివే. ఆన్‌లైన్లో డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

మిషన్ కొనే వేళ ఎప్పుడంటే, నెలకు 60 చీరలు నిలకడగా వస్తున్నప్పుడు. పైన చెప్పిన లెక్కలో దర్జీకి పోయే జిగ్‌జాగ్ డబ్బే నెలకు 1,800 అవుతుంది. మిషన్ ధరను దానితో భాగిస్తే ఎన్ని నెలల్లో తిరిగొస్తుందో తెలుస్తుంది, ఏడాది దాటితే ఇంకొంచెం ఆగండి. డ్వాక్రా సంఘంలో ఉంటే అక్కడి అప్పు మొదట చూడండి. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీపని ఉంది. 5 నుంచి 7 రోజుల ప్రాథమిక శిక్షణ, రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000 వోచరు, ఆ తర్వాత 5 శాతం వడ్డీకి మొదటి విడతగా లక్ష వరకు అప్పు అందులో ఉంటాయి. ఇంటికి ఒక్కరికే ఇస్తారు. శిక్షణ రోజుల్లో బిడ్డను ఎవరి దగ్గర ఉంచాలో తేల్చుకున్నాకే పేరు రాయించుకోండి.

మిషన్ ఇంట్లోకి వచ్చాక సన్నని పట్టు, జార్జెట్‌లకు 11 నంబరు సూది, మందపు నూలుకు 14 వాడండి. మొండి సూది పోగు లాగుతుంది. కుట్టు ఆపిన ప్రతిసారీ ప్లగ్గు పీకి, మోటారు పెడల్‌ను మిషన్ బల్ల మీదికి ఎత్తి పెట్టాలి. నిలబడడం నేర్చుకున్న బిడ్డ కాలు మొదట పడేది దాని మీదే.